చవకదా? నిలిచేదా?

అది 2006. అమెరికాలో ఇంట్లో సినిమా చూసే కొత్త ప్లేయర్లు రెండు రకాలు వచ్చాయి. సినిమా ఒక గుండ్రని బిళ్ళలో ఉంటుంది. దాన్ని డిస్కు అంటారు.

ఏప్రిల్‌లో తోషిబా వారి హెచ్‌డి డివిడి ప్లేయర్ వచ్చింది. ధర 499 డాలర్లు. జూన్‌లో శాంసంగ్ వారి బ్లూ-రే ప్లేయర్ వచ్చింది. ధర 999 డాలర్లు. ఒకదాని డిస్కు రెండోదానిలో ఆడదు.

చవక అని కొందరు మొదటిది కొన్నారు. 2007 నవంబరులో అదే రకం కొన్ని దుకాణాల్లో 100 డాలర్ల లోపే దొరికింది. 2008 ఫిబ్రవరిలో తోషిబా దాన్ని ఆపేస్తామని చెప్పింది. ప్లేయర్ పాడవలేదు. కానీ దానికి కొత్త సినిమాల డిస్కులు రావడం ఆగిపోయింది.

ధర ఒక్కటే అడిగితే చాలదు. దానికి కావలసినవి రేపూ దొరుకుతాయా? అదీ అడగాలి.

లెక్క చేయండి: 999లో 499 తీసేస్తే ఎంత?