గుజ్జు ఓడపై, పండు విమానమున

ప్రశ్న: మా తోతాపురి గుజ్జు ఓడలపై పోవుచుండ, తాజా మామిడిపండ్లు విమానములలో పోవుటకు కారణమేమి? ఎఱ్ఱసముద్రపు గొడవతో మాకేమి సంబంధము?
— ఒక రైతు, పూతలపట్టు

జవాబు: సరకు ఎన్ని దినములు చెడక నిలుచును, దాని వెల యెంత కిరాయిని భరింపగలదు అను రెండు విషయములే మార్గమును నిర్ణయించును. చిత్తూరు ప్రాంతపు కర్మాగారములలో సూక్ష్మజీవులు చేరకుండ సంచులలో నింపి, 200 కిలోలకు పైబడు పీపాలలో భద్రపఱచిన గుజ్జు, శీతలీకరణము లేకయే సంవత్సరమునకు మించి నిలుచును గనుక, చెన్నై రేవునుండి కంటైనర్లలో నిదానముగ పోయినను హాని లేదు; దూరదేశములకేగు పండు కొలది దినములలోనే మెత్తబడును గనుక, అధికమైన కిరాయి కోర్చి విమానము నాశ్రయించును. ప్రపంచ వాణిజ్యమునందును ఇదియే తీరు: పరిమాణమున 80 శాతమునకు పైగా సముద్రముపై సాగుచుండ, విమానముల వంతు 1 శాతమునకు లోపే యైనను, విలువలో అది యించుమించు మూడవ వంతు.

2023 చివర ఎఱ్ఱసముద్రమున నౌకలపై దాడులు మొదలైన పిమ్మట, ఐరోపాకు బోవు ఓడలు పెక్కు సూయజ్ కాలువను విడిచి ఆఫ్రికా ఖండమును చుట్టిపోవుటచే, ప్రయాణము సుమారు 10 మొదలు 14 దినములు పెరిగినది. ఈ జాప్యముచే గుజ్జు చెడదు. కాని కిరాయి హెచ్చి, సొమ్ము ఆలస్యముగ చేతికంది, వర్తకుని పెట్టుబడి దారిలోనే నిలిచిపోవును. ఆ భారము తుదకు కాయ ధరపైకి దిగుట సహజము. కావున ధర మాటలాడునపుడు దిగుబడితోపాటు గుజ్జు నిలువలను, ఓడ కిరాయిని గూడ విచారించుట మేలు.