శౌచ ధర్మము: మనస్సు, దేహము, గృహము

శుచి అను శబ్దమునుండి శౌచ మను మాట పుట్టినది. శుభ్రత యని దాని సామాన్యార్థము. శుభ్రత యనగానే మనకు స్నానము, ఉదికిన బట్ట, అలికిన ఇల్లు, వంటింటి మడి స్ఫురించును. ఇవి మంచివే. అయితే జైనాచార్యులు శౌచమును కేవలము ఆరోగ్య నియమముగా గాక, ఆత్మ ధర్మములలో ఒకటిగా లెక్కించిరి. భాద్రపద శుద్ధ పంచమి మొదలు చతుర్దశి వరకు దిగంబర సంప్రదాయమున జరుగు దశలక్షణ పర్వములో క్షమ, మార్దవము, ఆర్జవము, శౌచము, సత్యము, సంయమము, తపస్సు, త్యాగము, ఆకించన్యము, బ్రహ్మచర్యము అను పది ధర్మములను రోజున కొకటి చొప్పున మననము చేయుదుము. ఉమాస్వామి తత్త్వార్థసూత్రము చెప్పిన క్రమములో శౌచము నాల్గవది.

ఆచార్యులు శౌచమునకు చెప్పిన నిర్వచనములో నీరు లేదు, చీపురు లేదు, స్నానము లేదు. లోభము తొలగుటయే శౌచమని వారు చెప్పిరి. శుభ్రతకును లోభమునకును సంబంధ మేమి? ఈ ప్రశ్నకు సమాధానము దొరికినచో మనస్సు, దేహము, గృహము అను మూడింటి శుద్ధియు ఒక్క దారిలో నడుచునని తెలియును.

1. మలిన మనగా నేమి?

ఆరిన గుడ్డమీద దుమ్ము పడినచో ఒక్కసారి దులిపిన పోవును. నూనె గుడ్డమీద పడిన దుమ్ము ఎంత దులిపినను పోదు. దుమ్ము రెండింటిమీదను ఒక్కటియే. భేదమంతయు నూనెలో నున్నది. కర్మము దుమ్ము వంటిది, కషాయము నూనె వంటిది. క్రోధము, మానము, మాయ, లోభము అను నాలుగు కషాయములకు క్షమ, మార్దవము, ఆర్జవము, శౌచము అను నాలుగు ధర్మములు వరుసగా విరుగుడు. కోపమునకు క్షమ, గర్వమునకు మెత్తదనము, కపటమునకు సూటిదనము, లోభమునకు శౌచము.

నాలుగింటిలో లోభము మిక్కిలి మొండిది. గుణస్థానములు పదునాలుగు గదా. వానిలో పదియవదానికి సూక్ష్మసాంపరాయ మని పేరు. క్రోధ మాన మాయలు నశించినను, అణగినను, అచ్చట సూక్ష్మమైన లోభ మొక్కటి మిగిలి యుండును. బట్టకు పట్టిన రంగులన్నియు పోయినను చివరి లేత చాయ వదలకుండుట వంటిది అది. కనుకనే లోభ నివృత్తికి శౌచ మను పేరు తగియున్నది. చిట్టచివరి మరక పోవునంతవరకు గుడ్డ తెల్లనిదని యెవరును అనరు గదా!

2. దేహము

ఇచ్చట పిల్లలు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. శుభ్రత ధర్మమైనచో దిగంబర మునులు స్నానమేల చేయరు? మునుల ఇరువదియెనిమిది మూలగుణములలో అస్నాన మొకటి. వారు కమండలువులోని నీటితో అవసరమైన శౌచమును మాత్రము తీర్చుకొందురు. దేహమునకు అలంకారము వలదనియు, నీటిలోని జీవులకు బాధ కలుగరాదనియు వారి వ్రతము. గృహస్థుని సంగతి వేరు. అతడు పొలములో, అంగడిలో, వంటింటిలో మెలగువాడు. పూజకు ముందు స్నానము చేసి ఉదికిన వస్త్రము ధరించుట అతనికి విధి. అయితే స్నానముచేతనే పాపము పోవునని తలచుట పొరపాటు. పుణ్యము వచ్చునను ఆశతో నదీ సముద్ర స్నానములు చేయుటను సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారములో లోకమూఢతలలో చేర్చిరి. స్నానము చర్మమును కడుగును, అంతటితో దాని పని సరి.

పండ్రెండు అనుప్రేక్షలలో అశుచి భావన ఆరవది. దేహము ఎముకలు, రక్తము, మాంసము, మలముల కూడలి యని తలపోయుట దాని స్వరూపము. దీనిని దేహద్వేష మని భావించరాదు. ఇట్టి దేహమే రత్నత్రయమునకు ఆధారమైనప్పుడు పవిత్ర మగునని ఆచార్యులు చెప్పిరి. ఆ దృష్టితో ఎదుటివాని దేహమును చూచి రోయకుండుటకు నిర్విచికిత్స యని పేరు. సమ్యగ్దర్శనమునకు ఎనిమిది అంగములుండగా ఇది మూడవది.

దీనికి ఉదాహరణముగా చెప్పబడినవాడు ఉద్దాయన మహారాజు. అతని నిర్విచికిత్సను ఇంద్రుడు సభలో పొగడగా, ఒక దేవుడు పరీక్షింపదలచి రోగపీడితుడైన ముని వేషమున వచ్చెను. రాజు భక్తితో ఆహార మిచ్చెను. ఆ మాయాముని తిన్నదంతయు దుర్గంధముతో వమనము చేసెను. పరివారము పారిపోయినది. రాజు మాత్రము కదలక, తన ఆహారమే వారికి పడలేదేమో యని నొచ్చుకొని, స్వయముగా నీరు తెచ్చి ముని దేహమును కడిగెను. దేవుడు నిజరూపము చూపి నమస్కరించి పోయెను.

ఈ కథ నేటి మన ఇండ్లకు సూటిగా తగులును. మంచము పట్టిన తల్లి గాని, మామగారు గాని యున్న ఇంటిలో వారి పక్కబట్టలు మార్చుపని ఎవరిది? మడి చెడునని ఒకరు, వాసన పడదని ఒకరు తొలగి, చివరకు జీతగత్తెకు అప్పగించుట కలదు. ఆ జీతగత్తెకే మరల వేరు గ్లాసు, వేరు గుమ్మము! రోగి సేవకు వైయావృత్త్య మని పేరు. అది ఆరు అంతరంగ తపస్సులలో ఒకటి. ముసలివారి పుండు కడిగిన చేతికంటె శుచియైన చేయి వేరొకటి లేదు. ఉత్తరాధ్యయన సూత్రములోని హరికేశుడు చండాల కులమున పుట్టిన ముని. యజ్ఞవాటికలో తన్ను తరిమినవారికి ఆయన ధర్మమే సరస్సు, బ్రహ్మచర్యమే రేవు, నేను స్నానము చేయునది అచ్చటనే యను భావము బోధించెను. మనిషిని అంటరానివానిగా చూచు మడి జైన శౌచము కాజాలదు.

ఇక ఆహారము. ఉపవాసము చేయలేనివారికి అవమౌదర్య మను తపస్సు కలదు. అనగా ఆకలికి కొంచెము తక్కువగా తినుట. సూర్యాస్తమయమునకు ముందే భోజనము ముగించుట జీవరక్షణకై యేర్పడిన నియమము. పడుకొనుటకు చాల ముందుగానే కడుపు తేలికపడుట దానివలన కలుగు మరియొక మేలు.

3. నీరు

నీటి వడపోతను గూర్చి కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది. దళసరి గుడ్డను రెండు మడతలు వేసి నీరు వడకట్టవలెను. గుడ్డకు అంటిన జీవులను అదే బావి నీటితో తిరుగబోసి మెల్లగా ఆ బావిలోనే విడువవలెను. ఒక బావి జీవులను వేరొక బావిలో పోయరాదు. వడపోసిన నీరు ఒక ముహూర్తము, అనగా 48 నిమిషములు నిలువ యుండును. బాగుగా కాచిన నీరు ఎనిమిది జాములు, అనగా ఒక దినమంతయు పనికి వచ్చును.

ఈ నియమమునకు మూలము అహింస. రోగ నివారణకై దానిని విధించిరని మనము గొప్పలు చెప్పుకొన నక్కరలేదు. అయినను ఫలము రెండు విధములుగా కలిగినది. నారికురుపు పురుగు పిల్లలు నీటిలోని సన్నని నీటి ఈగలలో నుండును. ఆ నీటిని గుడ్డతో వడపోసిన చాలును, వ్యాధి రాదు. ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్రములతో సహా అనేక రాష్ట్రముల దిగుడు బావుల గ్రామములను పీడించిన ఆ వ్యాధి మన దేశమున పూర్తిగా తొలగినదని 2000 సంవత్సరములో ధ్రువపడినది. దానిని తొలగించిన ప్రధాన సాధనములలో వడపోత గుడ్డ యొకటి. బంగ్లాదేశములోని మత్లబ్ ప్రాంతపు గ్రామములలో పాత చీరను ఎనిమిది పొరలు వచ్చునట్లు మడిచి నీరు వడపోయగా కలరా దాదాపు 48 శాతము తగ్గినదని 2003లో ప్రకటితమైన పరిశోధన తెలుపుచున్నది. కలరా క్రిములు నీటిలోని సూక్ష్మ ప్రాణులను అంటిపెట్టుకొని యుండుటయే దానికి కారణము.

ఒక హెచ్చరిక. గుడ్డ అన్ని క్రిములను ఆపలేదు, కనుక కాచుట మానరాదు. కుళాయి మూతికి కట్టిన గుడ్డను నెలల తరబడి ఉదుకకున్న అదియే మురికికి ఇల్లగును.

4. గృహము

మునుల అయిదు సమితులలో రెండు గృహిణులకు పాఠములు. వస్తువును చూచి తీయుట, చూచి పెట్టుట ఆదాన నిక్షేపణ సమితి. విసర్జింపదగిన దానిని జీవులు లేని చోట, ఇతరులకు బాధ కాని చోట విడుచుట ఉత్సర్గ సమితి. మన ఇల్లు ఊడ్చి చెత్తను పొరుగువారి గోడ ప్రక్కన పోసిన ఇల్లు శుభ్రమైనదా? మురికి చోటు మారినది, అంతియే. బళ్ళారిలోనైనను, బరంపురములోనైనను, షోలాపురములోనైనను, చెన్నపట్టణములోనైనను, యానాములోనైనను వీధి కాలువలు ఈ ప్రశ్ననే అడుగుచున్నవి.

రెండవది, పురుగుల సంగతి. హింసను సంకల్పి, ఆరంభి, ఉద్యోగి, విరోధి యని నాలుగు విధములుగా చెప్పుదురు. ఊడ్చుటలో, వండుటలో తప్పక జరుగునది ఆరంభి హింస. గృహస్థునికి అది పూర్తిగా తప్పదు, తగ్గించుకొనుట అతని విధి. ఎంగిలి పాత్రలను రాత్రియంతయు తొట్టిలో వదలి, బొద్దింకలు చేరిన పిదప మందు చల్లుట మన అజాగ్రత్తకు వానిని శిక్షించుట యగును. పాత్రలు సాయంకాలమే తోమి బోర్లించుట, పప్పును ఎండబెట్టి డబ్బాలో బిగించుట, నెలకు సరిపడు బియ్యమే తెచ్చుట, నీరు నిలువకుండ చూచుట, ఇవి పురుగు పుట్టకముందే చేయు అహింస. మెత్తని చీపురుతో మెల్లగా ఊడ్చుట మునుల నెమలి పింఛమునుండి మనము నేర్చుకొనదగిన పాఠము.

మూడవది అటక. పండుగకు ఇల్లు దులుపునప్పుడు సామానంతయు దించి, తుడిచి, మరల అటక నెక్కింతుము. పదియేండ్లుగా వాడని పాత్రకు ప్రతియేట దుమ్ము దులుపుటయే లోభమునకును మురికికిని గల సంబంధము! క్షేత్రము, వాస్తువు మొదలుకొని బట్టలు పాత్రల వరకు బాహ్య పరిగ్రహము పది విధములు. వానికి మితి పెట్టుకొనుట అయిదవ అణువ్రతము. ఇంటిలో వస్తువు తగ్గినకొలది ఊడ్పు తగ్గును, దాగు పురుగు తగ్గును, తాళపుచెవి చింతయు తగ్గును. అవసరమున్న వానికి ఆ పాత్ర ఇచ్చుట దానము, ఇల్లు తేలికపడుట శౌచము.

5. మనస్సు

మనస్సునకు ఊడ్పు ప్రతిక్రమణము. నేడు చేసిన దోషములను నేడే గుర్తించి, తప్పని ఒప్పుకొని, వెనుకకు మరలుట. సామాయికమునకు ఒక ముహూర్త కాలము చెప్పబడినది. అంత సేపు కూర్చుండలేనివారు పది నిమిషములతో ఆరంభింపవచ్చును.

సంవత్సరమునకు ఒకసారి క్షమాపణ దినము వచ్చును. శ్వేతాంబరులు సంవత్సరి నాడును, దిగంబరులు దశలక్షణము ముగిసిన పిదప క్షమావాణి నాడును అందరిని క్షమాపణ వేడుదురు. మనము సాధారణముగా ఎవరిని వేడుచున్నాము? మనతో ఏ తగవును లేనివారిని! అచ్చుపత్రములు నూరు పంపుట సులభము. ఆస్తి పంపకములో మాటలు పోయిన అన్నగారి గుమ్మము ఎక్కుట కష్టము. ఆ గుమ్మమువద్ద నిలిచి, "అన్నయ్యా, నా వలన నీకు కలిగిన నొప్పికి క్షమింపుము" అనుటలో నాలుగు కషాయములును ఒక్కసారి కదలును. పొలము గట్టు సంగతి తరువాత తేల్చుకొనవచ్చును. తగవు సమసినను సమయకున్నను వేడినవాని మనస్సు కడుగబడును.

6. అభ్యాసము

రానున్న పర్వములో ఇంటిల్లిపాదియు కూర్చుండి ఈ అయిదు ప్రశ్నలకు జవాబు చెప్పుకొందురు గాక.

1. మన ఇంట వడపోత గుడ్డ ఎన్నడు ఉదికితిమి?
2. మన చెత్త ఎచ్చట చేరుచున్నది, అచ్చట ఎవరున్నారు?
3. వాడక దాచిన వస్తువులలో ఏ మూడు ఈ వారమే ఇవ్వగలము?
4. ఇంటిలో రోగిని తాకి సేవించుటకు వెనుదీయుచున్న వారెవరు, ఎందుచేత?
5. మనము క్షమాపణ వేడక మిగిలిపోయిన మనిషి ఎవరు?

మొదటి మూడింటికి ఒక పూట చాలును. నాల్గవదానికి ధైర్యము కావలెను. అయిదవది మిక్కిలి కఠినము. అయినను దానిని విడిచి తక్కిన నాలుగు చేసిన, వాకిలి కడిగి ముగ్గు పెట్టి లోపలి గది తలుపు మూసి ఉంచినట్లగును. ఆ తలుపు తెరచుటకే పర్వము ఏటేట వచ్చుచున్నది.