ఆంగ్లములో పండుగ పేర్లు వ్రాయు పద్ధతి

బోయకొండ గంగమ్మ తల్లి దర్శనమునకు కర్ణాటక, తమిళనాడుల నుండి భక్తులు వచ్చుచుందురు. వారిలో తెలుగు చదువలేనివారు ఆంగ్ల ప్రకటననే నమ్ముకొని ప్రయాణపు దినమును నిశ్చయించుకొందురు. అందుచేత మన చౌడేపల్లె ప్రాంతమున ప్రకటనలు, ఆహ్వానపత్రికలు వ్రాయు యువకులకు ఉపకరించునని ఈ పాఠమును వ్రాయుచున్నాను.

తెలుగు లిపిలో క్యాపిటల్ అక్షరములు లేవు. ‘ఎ’, ‘ది’ వంటి ఆర్టికల్సును మన భాషలో లేవు. తడబాటంతయు అక్కడనే.

ఉగాది, దసరా, దీపావళి అనునవి మనుష్యుల పేర్ల వంటివే. కావున మొదటి అక్షరము క్యాపిటల్. ముందు ‘ది’ అక్కరలేదు. రెండు మాటల పేరైనచో రెండింటికిని క్యాపిటల్ వ్రాయవలెను. రిపబ్లిక్ అనగా గణతంత్ర రాజ్యము, సామాన్య నామము, చిన్న అక్షరము చాలును. దానికి ‘డే’ చేరి జనవరి 26కు పేరైనప్పుడు రెండు మాటలును క్యాపిటల్‌తోనే మొదలగును.

మరి ‘ది దసరా ఫెస్టివల్’ అని వ్రాయుట తప్పా? కాదు. అందలి ‘ది’ దసరాకు చెందినది కాదు, ఫెస్టివల్‌కు చెందినది. 1919లో రవీంద్రనాథ ఠాగూరు మన మదనపల్లె కళాశాలలో జనగణమనను ఆంగ్లీకరించి ‘ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ అని పేరిడిరి. సాంగ్ అనునది సామాన్య నామము. ఏ పాట అన్న ప్రశ్నకు ‘ఆఫ్ ఇండియా’ బదులు చెప్పుచున్నది గనుక ముందు ‘ది’ వచ్చినది. దీపావళికి ‘ది’ లేకున్నను ‘ది ఫెస్టివల్ ఆఫ్ లైట్స్’ అనుట ఇందువలననే. అమెరికాలోని మన పిల్లలు అక్కడి ఇండిపెండెన్స్ డేకు ‘ది’ చేర్చరు. అదే దినమును ‘ది ఫోర్త్ ఆఫ్ జులై’ అందురు.

ఏడాదికొకసారి వచ్చు పండుగకు ‘ది’ అదనముగా పడినను భక్తునకు నష్టము లేదు. నెలనెలా వచ్చు తిథుల సంగతి వేరు. ‘ఆన్ ది అమావాస్య’ అనిన ముందు చెప్పిన ఆ ఒక్క అమావాస్య. ‘ఆన్ ఎవ్రీ అమావాస్య’ అనిన ప్రతి అమావాస్య. ‘ఆన్ యాన్ అమావాస్య’ అనిన ఏదో ఒకటి. ఎప్పుడు రావలెనో తెలియదు! వారముల విషయమును ఇంతే. ‘ఆన్ సండే’ అని ఉన్నచో చదువరి రాబోవు ఆదివారమనుకొనును. ప్రతి ఆదివారమని తెలుపుటకు ‘ఆన్ సండేస్’ అని వ్రాయవలెను. చివరి ‘ఎస్’ లోపించినచో బెంగళూరు నుండి పిల్లాపాపలతో బండి కట్టించుకొని రాదలచిన కుటుంబము, ఆ ఒక్క వారము తప్పెనని ప్రయాణమే మానుకొనవచ్చును. కనుక తిథి ప్రక్కన తేదీని, నెలను అంకెలతో సహా వేయుడని నా మనవి.

శుభాకాంక్షల సంగతి కొంచెము. ‘హ్యాపీ ఉగాది’ అని మాత్రమే వేసినచో ఆర్టికల్ వలదు. ‘వుయ్ విష్ యు’ అని మొదలిడినచో ‘ఎ హ్యాపీ ఉగాది’ అనవలెను. అప్పుడు ‘ఎ’ను విడువరాదు.