కాన్‌కూన్ వెళ్తానంటున్న మేనకోడలికి

గురజాల,
ఆదివారం.

అమ్మడూ,

జూలై మొదటి వారం సెలవుల్లో నువ్వూ, నీతో అమెరికాలో ఎం.ఎస్. చదివిన నెల్లూరమ్మాయీ మెక్సికోలోని కాన్‌కూన్ వెళ్దామనుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. ఆడపిల్లలిద్దరే, తెలియని దేశం, పైగా సముద్రం అంటూ తను హైరానా పడుతోంది. మీ నాన్నేమో, ‘అక్కా, నువ్వు మీ అబ్బాయి వాళ్ళతో ఆ ఊరు చూసొచ్చావు గదా, నువ్వే రాయి, నీ మాటైతే వింటుంది’ అన్నాడు. వద్దని రాస్తాననుకున్నాడో ఏమో. నేను మాత్రం వెళ్ళమనే రాస్తున్నా, కాకపోతే జూలైలో కాదు. సొంత సంపాదనతో, నచ్చిన స్నేహితురాలితో కలిసి సముద్రం చూడ్డానికి వెళ్ళే యోగం మీ అమ్మకూ పట్టలేదు, నాకూ పట్టలేదు. మా రోజుల్లో గురజాల ఆడపిల్లకు సముద్రమంటే కార్తీక పౌర్ణమికి బస్సు మాట్లాడుకుని, బాపట్ల దాటి సూర్యలంక వెళ్ళి, మూడు మునకలు వేసి రావడమే. అదీ పెద్దవాళ్ళెవరో రెక్క పట్టుకుని ఉండగానే. అక్కడ నీ రెక్క పట్టుకునేవాళ్ళు ఉండరు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

అన్నిటికంటే ముందు కాగితాల సంగతి. మీ కంపెనీ ఏప్రిల్‌లో నీకు హెచ్-1బి ఉద్యోగ వీసాకు వేసిందనీ, ఇంకా అప్రూవల్ రాలేదనీ మీ నాన్న అన్నాడు. పాస్‌పోర్టులో అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మనవాళ్ళకు మెక్సికో వీసా విడిగా అక్కర్లేదన్న మాట నిజమే. మన పిల్లలంతా కాన్‌కూన్‌కు ఎగబడడానికి అదే కారణం. కానీ మెక్సికోలోకి వెళ్ళడం వేరు, తిరిగి అమెరికాలో అడుగు పెట్టడం వేరు. అమెరికాలోనే ఉండి ఎఫ్-1 విద్యార్థి స్టేటస్ నుంచి హెచ్-1బికి మార్చమని దరఖాస్తు పెట్టి, అది తేలకముందే దేశం దాటితే, ఆ స్టేటస్ మార్పును నువ్వే వదులుకున్నట్టు లెక్క కడతారు. పిటిషన్ నిలిచినా, ఆ తర్వాత కాన్సులేట్‌లో వీసా స్టాంపింగ్ చేయించుకుని మళ్ళీ రావాలి. నాలుగు రోజుల సరదాకు అంత తలనొప్పి కొని తెచ్చుకోకు. ఇవి మారే నిబంధనలు. నా మాట పట్టుకోవద్దు, స్నేహితుల వాట్సాప్ గ్రూపు మాట అసలే పట్టుకోవద్దు. మీ కంపెనీ లాయర్‌ని రాతపూర్వకంగా అడుగు. నెల్లూరమ్మాయి ఇంకా చదువయ్యాక ఇచ్చే ఓపీటీ పని అనుమతి మీదే ఉంటే, ఆమె ఐ-20 పత్రం మీద కాలేజీ వాళ్ళు పెట్టే ట్రావెల్ సంతకం ఆరు నెలల లోపుదై ఉండాలి, ఈఏడీ అనే పని అనుమతి కార్డు వెంట ఉండాలి. ఆ పిల్లకూ చెప్పు.

జూలై వద్దనడానికి ఇంకో కారణం వాతావరణం. అట్లాంటిక్ తుపాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. 2005 అక్టోబరులో విల్మా తుపాను కాన్‌కూన్ మీద విరుచుకుపడినప్పుడు వేలమంది పర్యాటకులు షెల్టర్లలో చిక్కుకుపోయారు. వేసవిలో మరో బాధ, సర్గాసమ్ అనే గోధుమరంగు సముద్రపు పాచి. 2011 నుంచి కరీబియన్ తీరాలకు అది కుప్పలుగా కొట్టుకొస్తోంది. ఒడ్డున పడి కుళ్ళితే కోడిగుడ్డు మురిగిన కంపు. ఫొటోల్లో చూసి మురిసిపోయిన నీలం నీళ్ళు ఆ రోజుల్లో కనిపించకపోవచ్చు. డిసెంబరు మొదటి పక్షంలో అయితే ఎండ హాయిగా ఉంటుంది, క్రిస్మస్ రద్దీ ఇంకా మొదలవదు, అప్పటికి నీ హెచ్-1బి కూడా తేలి ఉంటుంది. అప్పుడైనా తిరిగి రావడానికి ఏయే కాగితాలు కావాలో లాయర్ నోటితో చెప్పించుకునే బయల్దేరు. కాదు, ఈ వేసవిలోనే వెళ్ళాలంటావా, ప్యూర్టో రికో వెళ్ళండి. అది కరీబియన్ దీవే, కానీ అమెరికా భూభాగం. నేరుగా విమానంలో వెళ్ళొస్తే దేశం దాటినట్టు కాదు.

ఇక మీరు కాన్‌కూన్‌లో దిగే రిసార్టుల సంగతి. గది, తిండి, తాగుడు, ఆటపాటలు అన్నిటికీ ముందే ఒకే మొత్తం కట్టించుకునే ఈ పద్ధతిని లోకానికి అలవాటు చేసింది క్లబ్ మెడ్. 1950లో జెరార్డ్ బ్లిట్జ్ అనే బెల్జియం ఆయన స్పెయిన్ దీవి మయోర్కాలోని అల్కూడియాలో, సైన్యం వాడి వదిలేసిన గుడారాలు వేసి మొదలుపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంతో అలిసిన జనం కొత్తవాళ్ళతో కలిసి ఒకే బల్ల దగ్గర తినాలని, ఆ కాసిని రోజులూ డబ్బు గుర్తు రాకూడదని ఆయన ఆశ. చదివినప్పుడు నాకు మన కారంపూడి గుర్తొచ్చింది. వీరుల ఉత్సవాల్లో మందపోరు నాడు చాపకూడు చూశావు గదా. బ్రహ్మనాయుడు కులం అడగకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టాడన్న జ్ఞాపకానికి ఇప్పటికీ పల్నాడు జనం ఆ ముద్ద తింటారు. కలిసి తినడంలో ఉన్న గొప్పదనం ఎక్కడైనా ఒకటే.

కానీ ఇప్పటి కాన్‌కూన్ రిసార్టు అది కాదు. ఆ ఊరే ప్రభుత్వం కాగితం మీద గీసి కట్టిన ఊరు. 1970 దాకా అక్కడ నలుగురు జాలర్లు తప్ప చెప్పుకోదగ్గ జనం లేరు. డాలర్లు రావాలని మెక్సికో ప్రభుత్వం ఒక సన్నటి ఇసుకదిబ్బను ఎంచుకుని రోడ్లూ విమానాశ్రయమూ వేసింది, 1974లో మొదటి హోటళ్ళు తెరుచుకున్నాయి. ఇవాళ రిసార్టులో దిగగానే చేతికి ప్లాస్టిక్ పట్టీ కడతారు. అది ఉన్నంతకాలం ఎవరూ బిల్లు తేరు, ఎవరూ ‘ఇంక చాలు’ అనరు. నేను నీకు చెప్పదలచుకున్నదంతా ఈ మాటలోనే ఉంది. ఇంట్లో అమ్మ అంటుంది చాలని, హోటల్లో పర్సు అంటుంది చాలని. అక్కడ అనాల్సింది నువ్వే.

ఒకరోజు పొద్దున టిఫిను దగ్గర చూశాను. మా పక్క బల్ల మీద ఇద్దరు కుర్రాళ్ళు, మన భాష వాళ్ళే, వరసగా ప్లేట్లు నింపుకొచ్చారు. ఫొటోలు తీసుకున్నారు, కాస్త కెలికారు, లేచిపోయారు. శుభ్రం చేసే ఆవిడ నా ఈడుదే ఉంటుంది. ఒక్కో ప్లేటూ బకెట్లోకి దులుపుతూ, ఎవరూ ముట్టని బొప్పాయి ముక్కల దగ్గర క్షణం ఆగి, అవీ దులిపేసింది. బకెట్ నిండింది. సాగర్ కుడికాలవకు నీళ్ళు రాకముందు జొన్నకూడే గతైన పల్నాడు మనది. మీ తాతయ్య కంచంలో మెతుకు వదిలితే లేవనిచ్చేవాడు కాదు. డబ్బు కట్టాం గదా అని తినకు. ఆకలేసినంత పెట్టుకో, కావాలంటే మళ్ళీ వెళ్ళు. నువ్వు శనివారాలు నీచు ముట్టవు గనక ఇదీ తెలుసుకో: అక్కడ ఉడికించిన చిక్కుడు గింజల ముద్దలోనూ, గోధుమ టోర్టియాల్లోనూ పందికొవ్వు కలపడం మామూలే. ‘సిన్ కార్నే, సిన్ మాంతేకా’ అంటే మాంసమూ కొవ్వూ వద్దని. ఆ నాలుగు మాటలు నేర్చుకుని వెళ్ళు.

తాగుడు గురించి అత్తయ్య రాస్తోందేమిటని సిగ్గుపడకు. నువ్వు తాగుతావో లేదో నేను అడగడం లేదు. తాగితే మాత్రం నీ కళ్ళ ముందు పోసిందే తీసుకో, గ్లాసు వదిలి వెళ్తే మళ్ళీ ముట్టుకోకు. మెక్సికో రిసార్టుల్లో కల్తీ మందు తాగి పర్యాటకులు స్పృహ తప్పారన్న ఫిర్యాదులొచ్చి, 2017లో అమెరికా విదేశాంగ శాఖే తన ప్రయాణ సూచనల్లో హెచ్చరిక చేర్చింది. ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ పూర్తి తెలివిలో ఉండాలి. తాగినవాళ్ళు ఆ రోజు నీళ్ళలోకి దిగకూడదు. స్విమ్మింగ్ పూల్‌లోకైనా సరే.

నీళ్ళ గురించి నాకు గట్టి భయం. మన మగపిల్లలు కుడికాలవలో ఈది ఈతగాళ్ళమనుకుంటారు, మన ఆడపిల్లలకు ఆ ఈతా రాదు. కాన్‌కూన్ ఒడ్డున రోజూ జెండా ఎగరేస్తారు. పచ్చదైతే దిగొచ్చు, పసుపుపచ్చదైతే జాగ్రత్త, ఎర్రదైతే ప్రమాదం, నల్లదైతే అసలు దిగకూడదు. మేమున్నప్పుడు ఒక ఉదయం ఎర్రజెండా పెట్టారు. ఆకాశంలో మబ్బు లేదు, మరీ పెద్ద అలలూ లేవు. ‘బాగానే ఉంది గదమ్మా’ అన్నాడు మావాడు. లైఫ్‌గార్డు మమ్మల్ని పిలిచి వేలితో చూపించాడు. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతున్నాయి, మధ్యలో ఒక పట్టీ మాత్రం నున్నగా, నెమ్మదిగా ఉంది. చూస్తే దిగడానికి అదే మంచి చోటనిపిస్తుంది. లోపలికి ఈడ్చుకుపోయేది అదే. అలాంటి ప్రవాహంలో పడితే ఒడ్డు వైపు తన్నుకులాడకూడదు, ఎంతటి ఈతగాడైనా అలిసిపోతాడు. వెల్లకిలా తేలుతూ ఊపిరి నిలుపుకుని, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదుతూ ఆ లాగుడు దాటాక ఒడ్డుకు రావాలి. నీకు ఈత రాదు. నడుము లోతు దాటకు. డిసెంబరు దాకా టైముంది గదా, మీ ఊళ్ళో ఈత క్లాసులో చేరు. రిసార్టుకు కట్టే డబ్బుతో పోలిస్తే అది ఎంతో కాదు.

స్నేహితురాలి సంగతి. మీరిద్దరూ ఒకే గదిలో రెండేళ్ళు ఉన్నారు, నిజమే. చదువుకునేటప్పుడు కలిసి ఉండడం వేరు, డబ్బు పెట్టి సెలవులకు వెళ్ళడం వేరు. ఒకరికి పొద్దున్నే లేచి ఊరు చూడాలనుంటుంది, ఇంకొకరికి పదింటిదాకా పడుకోవాలనుంటుంది. ఇద్దరి కోరికా న్యాయమే. బయల్దేరే ముందే కూర్చుని ఏ రోజు కలిసి ఎక్కడికి, ఏ పూట ఎవరి దారి వాళ్ళది అని మాట్లాడుకోండి. రోజుకో పూట విడిగా ఉంటే రాత్రి భోజనాల దగ్గర చెప్పుకోవడానికి కబుర్లుంటాయి. రేటు ఇద్దరు ఒక గదిలో ఉంటారన్న లెక్కమీద తలకింత అని చెబుతారు. ఒకరు మానుకుంటే రెండోవాళ్ళ మీద భారం పడుతుంది. అందుకని క్యాన్సిల్ చేస్తే డబ్బు తిరిగొచ్చే బుకింగే చెయ్యండి, ఎవరి వాటా వాళ్ళు ముందే కట్టుకోండి. విమానాశ్రయంలో ఉచిత టాక్సీ, ఉచిత టూరు అంటూ నవ్వుతూ ఎదురొచ్చేవాళ్ళు టైమ్‌షేర్ అమ్మేవాళ్ళు. ఆగకుండా నడవండి. 2021 నుంచి విసిటాక్స్ అని కాన్‌కూన్ ఉన్న రాష్ట్రం వేసే పన్ను ఒకటి ఉంది. అది ప్రభుత్వ సైటులోనే కట్టండి.

చేతికి ఆ ప్లాస్టిక్ పట్టీ కట్టుకుని రిసార్టు గోడల మధ్యే ఉండిపోతే మాత్రం నేను ఒప్పుకోను. ఒక్కరోజైనా బయటికి రండి. చిచెన్ ఇట్జా రెండున్నర గంటల ప్రయాణం. మాయా జనం కట్టిన ఆ పిరమిడ్‌కు నాలుగు వైపులా తొంభై ఒక్కటి చొప్పున మెట్లు, పైన వేదికతో కలిపి 365, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. దారిలో సెనోటే అనే నీటి గుంట ఒకటి చూడండి. మన పల్నాడు లాగే కాన్‌కూన్ ఉన్న ఆ యుకతాన్ ద్వీపకల్పం నేలంతా సున్నపురాయి. పైన నది లేదు, నీరంతా రాతి కిందే. పైకప్పు కూలినచోట గుంట పడి నీళ్ళు కనిపిస్తాయి. గుత్తికొండ బిలంలో చీకట్లో చల్లటి నీళ్ళు చూసి చిన్నప్పుడు నువ్వు నన్ను గట్టిగా పట్టుకున్నావు, అలాంటిదే పెద్దది. దిగే ముందు ఒంటికి రాసుకున్న సన్‌స్క్రీన్ కడిగేసుకోమంటారు, లైఫ్ జాకెట్ ఇస్తారు. రెండు విషయాల్లోనూ వాళ్ళ మాట వినండి.

అక్కడి ఊళ్ళో అంగళ్ళలో మిరపకాయలు చూడు. మీ నాన్న టిక్కీలకు టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర కోసం ఎదురుచూస్తున్నాడే, ఆ మిరపకు పుట్టిల్లు మెక్సికోనే. పోర్చుగీసువాళ్ళ ఓడల్లో 16వ శతాబ్దంలో మన దేశానికి వచ్చింది. అబనేరో అనే నారింజరంగు కాయను చూసి మన గుంటూరు మిర్చి ముందు ఇదెంత అనుకోకు, అది చాలా రెట్లు ఘాటు. అమ్మే ఆవిడతో చేతి సైగలతోనైనా నాలుగు మాటలు మాట్లాడు. నీ గది ఊడ్చే అమ్మాయికి రోజూ రెండు మూడు డాలర్లు విడిగా పెట్టు. అన్నీ కలిపి కట్టామన్న లెక్కలో ఆమె కష్టం కలవదు.

క్రెడిట్ కార్డు మీద అప్పు చేసి మాత్రం వెళ్ళకు. నీ చదువు లోను ఇంకా తీరలేదు. మీ నాన్న దాని గురించి నీతో ఎత్తడు, అందుకే నేను ఎత్తుతున్నా. నెలనెలా కొంత పక్కన పెడితే డిసెంబరుకు సరిపోతుంది.

రేపు ఆఫీసుకు వెళ్ళగానే లాయర్‌కు మెయిల్ పెట్టు, జవాబు వచ్చేదాకా టికెట్లు కొనకు. తర్వాత మీ అమ్మకు నువ్వే ఫోన్ చేసి ఎక్కడ ఉంటావో, ఎవరితో వెళ్తున్నావో, ఏ రోజు తిరిగొస్తావో చెప్పు. మీ నాన్న చేత చెప్పించొద్దు, నీ నోటితో వింటేనే తనకు నిద్ర పడుతుంది.

ఆశీస్సులతో,
నీ అత్తయ్య