మా యానాం, ఒకప్పటి కల్యాణపురం

యానాం ఎక్కడుందంటే చాలామంది మ్యాపులో పుదుచ్చేరి చుట్టూ వెతుకుతారు. అక్కడ దొరకదు. పాలన పుదుచ్చేరిదే గానీ మా ఊరు అక్కడికి ఎనిమిది వందల కిలోమీటర్ల పైనే. కాకినాడకు దక్షిణాన, గౌతమీ గోదావరి ఒడ్డున. మొత్తం 30 చదరపు కిలోమీటర్లు, అంతే! చుట్టూ ఆంధ్రప్రదేశ్. ఏటికి అవతల ఎదుర్లంక, అంటే కోనసీమ. కోరంగి పాయ గౌతమి నుంచి చీలేది ఇక్కడే. వరి, కొబ్బరి, చేపల వేట. మాట తెలుగు, యాస గోదావరిది.

1954 దాకా ఇక్కడ ఫ్రెంచివాళ్ళ పాలన. ఆ సంగతి అందరూ రాస్తారు. అంతగా చెప్పుకోనిది ఇంకోటుంది: యానాంని కల్యాణపురం అనేవారు. 14 ఏళ్ళు నిండని ఆడపిల్లకు పెళ్ళి చేయడం నేరమంటూ బ్రిటిషు ఇండియాలో 1929లో శారదా చట్టం చేశారు. ఫ్రెంచి యానాంలో అది చెల్లదు. ఇంకేం, చుట్టుపక్కల వాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి, ఇక్కడ మూడు ముళ్ళూ వేయించుకొని వెళ్ళిపోయేవారు. పేరు వినడానికి ముచ్చటగానే ఉంటుంది. ఆ పెళ్ళికూతుళ్ళు మాత్రం ఇంకా బడికెళ్ళే వయసువాళ్ళు.

గోదావరి వైపు చుట్టాలున్నవాళ్ళు ఇంట్లో అడిగి చూడండి, మీ తాతమ్మల్లో ఎవరి పెళ్ళైనా యానాంలో జరిగిందేమో.