ముందు అతనితోనే మాట్లాడుదాం



“ఉన్నమాటే కదా అన్నాను, లేనిది కల్పించానా?” పొరుగువారి తప్పును పదిమందిలో చెప్పి, ఎవరైనా ప్రశ్నిస్తే మనలో చాలామందిమి ఇచ్చే సమాధానం ఇదే. మాట నిజమైతే చాలు, పాపం అంటదని మన నమ్మకం. శ్రీసభ బోధన అలా లేదు.

రెండవ జాన్‌పాల్ పోపుగారు 1992లో వెలువరించిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 2477వ పేరాలో పరుల పేరును చెరిపే మూడు దోషాలను వేరువేరుగా చూపుతుంది. తగిన ఆధారం లేకుండా ఇతరుని దోషిగా మనసులో నమ్మడం మొదటిది. ఉన్న దోషాన్నే, సరైన కారణం లేకుండా, అది తెలియనివారికి చెప్పడం రెండవది. లేని దోషాన్ని అంటగట్టడం మూడవది. మూడవదానిని అందరం పాపమంటాం. రెండవదానిని మాత్రం కబుర్లంటాం!

“అయితే పాపాన్ని చూసి ఊరకుండాలా, ఫాదర్?” అని మీరు అడగవచ్చు. ప్రభువు అలా చెప్పలేదు. మన కంటిలోని దూలాన్ని తీసివేసుకున్న తరువాత సహోదరుని కంటిలోని నలుసును తీయవచ్చునని మత్తయి సువార్త 7వ అధ్యాయంలో బోధించారు. నలుసు తీసేవాడు దగ్గరకు రావాలి, అతని చేయి మెత్తగా ఉండాలి. దూరం నుండి వేలు చూపితే నలుసు రాదు.

యోహాను సువార్త 8వ అధ్యాయంలో వ్యభిచారమందు పట్టుబడిన స్త్రీని చూడండి. రాళ్లు పట్టుకున్నవారిలో మొదట వెళ్లిపోయినవారు పెద్దలు. వయసు పెరిగేకొద్దీ తన పాపాల లెక్క తనకు తెలుస్తుంది కాబోలు! ప్రభువు ఆమెను శిక్షించలేదు. అలాగని ఆమె చేసింది తప్పు కాదనీ అనలేదు. ముందు ఆమె ప్రాణాన్ని కాపాడి, ఆ తరువాతే ఇక పాపం చేయవద్దన్నారు. ఈ వరుస మనకు పాఠం.

మత్తయి 18వ అధ్యాయం ఆ పాఠానికి మెట్లు కట్టింది. సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒంటరిగా అతనితో మాట్లాడాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకొని వెళ్లాలి. అప్పటికీ వినకపోతేనే సంఘానికి చెప్పాలి. మనమో, పైమెట్టు నుండి మొదలుపెడతాం. ముందు ఊరంతటికీ చెబుతాం, తరువాత స్నేహితులకు చెబుతాం, అతనికి మాత్రం చెప్పం.

ఈ తప్పు నేనూ చేశాను. చాలా ఏండ్ల క్రితం ఒక విచారణలో ఆదివారం ప్రసంగంలో తాగుడు గురించి చెబుతూ, పేరు ఎత్తకుండానే ఒకరి సంగతి వర్ణించాను. తలలన్నీ ఒకేవైపు తిరిగాయి. ఆయన లేచి బయటకు వెళ్లిపోయారు. భార్య తల వంచుకొని అలాగే కూర్చుంది. నేను చెప్పింది నిజమే. కాని అంతకుముందు ఒక్కసారైనా నేను ఆ ఇంటి గడప తొక్కలేదు. క్షమాపణ అడగడానికి వెళ్లిననాడు, “ముందే వచ్చి ఉంటే బాగుండేది ఫాదర్ గారూ” అన్నారాయన. కొడుకు చనిపోయిన ఏడాదే ఆ తాగుడు మొదలైందని అప్పుడు తెలిసింది. ఆయన మళ్లీ పూజకు వచ్చేసరికి రెండు తపస్కాలాలు గడిచిపోయాయి.

అయితే ఒక జాగ్రత్త. పాపిని సరిదిద్దడం ప్రేమక్రియ అనీ, ఆ పాపం ఇతరులకు కీడు చేస్తున్నప్పుడు దానిని ఆపడం న్యాయక్రియ అనీ పునీత తోమాసు అక్వినాసు వివరించారు. పసిబిడ్డలకో, బలహీనులకో హాని జరుగుతుంటే ఆపగలిగిన అధికారులకు వెంటనే చెప్పాలి. అది పరనింద కాదు. అక్కడ మౌనమే పాపం. అపకారం చేసేది ఎవరైనా, గురువైనా సరే, ఈ నియమం మారదు.

ఈ వారం ఒక పని చేద్దాం. ఎవరి తప్పు నోటిదాకా వచ్చినా, “ఈ మాట అతనితో చెప్పానా?” అని ముందు మనల్ని మనం ప్రశ్నించుకుందాం. చెప్పకపోతే అతని కొరకు ఒక పరలోక జపం చెప్పి, అతని ఇంటికి వెళదాం. ఇదివరకే ఎవరి పేరునైనా చెరిపి ఉంటే, పాపసంకీర్తనంతో సరిపెట్టుకోకుండా, ఆ నష్టాన్ని చేతనైనంత సరిదిద్దుదాం. అదీ మన బాధ్యతేనని సత్యోపదేశం చెబుతోంది.

రాయి విసరడానికి దూరం కావాలి. నలుసు తీయడానికి దగ్గరితనం కావాలి. ప్రభువు మనలను పిలిచింది దగ్గరకే.