మూడు జింకలు – మూడు కుటుంబాలు

హైదరాబాదు పాతనగరంలో, బహదూర్‌పురా దగ్గర, మీరాలం చెరువు పక్కన నెహ్రూ జంతు ప్రదర్శనశాల ఉంది. 1963లో దీన్ని ప్రజల సందర్శనకు తెరిచారు. మీరు ఈసారి అక్కడికి వెళ్ళినప్పుడు చుక్కలజింక, కృష్ణజింక, మూషికజింకలను శ్రద్ధగా గమనించండి. మూడింటి పేరులోనూ ‘జింక’ ఉంది. కాని జంతుశాస్త్రం వీటిని మూడు వేర్వేరు కుటుంబాలలో చేర్చింది. దగ్గరి పోలికలున్న ప్రజాతుల సముదాయమే కుటుంబం.

ముందు పోలికలు చూద్దాం. మూడూ పిల్లలకు పాలిచ్చే క్షీరదాలు. మూడింటికీ చీలిన గిట్టలు ఉన్నాయి. మూడూ నెమరువేస్తాయి. అంటే మింగిన మేతను మళ్ళీ నోటిలోకి తెచ్చుకొని మెత్తగా నములుతాయి.

మరి తేడా ఎక్కడ? కొమ్ములలో! మగ చుక్కలజింక కొమ్ములు శాఖలుగా చీలి ఉంటాయి. అవి ఏటా రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. మగ కృష్ణజింక కొమ్ములు మెలితిరిగి ఉంటాయి. ఎముక మీద గట్టి తొడుగు ఉండే ఈ కొమ్ములు రాలవు. మేక కొమ్ములూ ఇటువంటివే. అందుకే కృష్ణజింక, మేక ఒకే కుటుంబానికి చెందినవి.

మూషికజింకకు కొమ్ములే లేవు. మగదానికి పై కోరపళ్ళు పొడవుగా ఉంటాయి. మేక పొట్టలో నాలుగు గదులుంటే, దీని పొట్టలో మూడో గది సరిగా ఏర్పడలేదు.

ఈ వివరాలు పరీక్షలకోసమే కాదు. వేటవల్ల, అడవుల నరికివేతవల్ల మూషికజింకలు చాలాచోట్ల తగ్గిపోయాయి. 2010లో ఈ ప్రదర్శనశాలలో వాటి సంతానాన్ని పెంచే పని మొదలైంది. ఇది రాత్రిపూట తిరిగే పిరికి జంతువు; రక్తం తీయబోతే బెదిరిపోతుంది. అందుచేత హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు దాని పెంటికలలోని హార్మోన్లను పరీక్షించారు. దాని గర్భావధికాలం సుమారు ఐదు నెలలని తెలిసింది. మందను పెంచడానికి ఇటువంటి జ్ఞానమే తోడ్పడింది. 2017లో కొన్నింటిని నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు. ముందు కొన్నాళ్ళు కంచెలోపల ఉంచి, అడవికి అలవాటు చేశాకే స్వేచ్ఛనిచ్చారు.

జంతువును కాపాడాలంటే ముందు దాన్ని తెలుసుకోవాలి. ఆ పని మీ వీధిలోనే మొదలుపెట్టవచ్చు. నెమరువేస్తున్న మేకను చూడండి. దాని పైదవడలో ముందుపళ్ళు ఉన్నాయా? లేకపోతే గడ్డిని ఎలా తెంపుతోంది? చూసింది నోటుపుస్తకంలో రాసుకోండి.